గాజుపోగుతో గిగాహెర్ట్జ్ కొలత



మీలో చాలామంది ఇప్పుడు రేడియో ఫోన్లోనే వింటున్నారు. ముల్లు తిప్పే రేడియో ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం ఒక సంగతి వేళ్లకే తెలుసు. హైదరాబాద్ కావాలంటే ముల్లు 738 దగ్గరికి రావాలి, విజయవాడ కావాలంటే 837 దగ్గరికి. ఆ అంకెలు కిలోహెర్ట్జ్‌లు. 738 కిలోహెర్ట్జ్ అంటే ఆ ప్రసార తరంగం సెకనుకు 7 లక్షల 38 వేల సార్లు ఊగుతుందన్నమాట. ఈ ఊపుల సంఖ్యే ఫ్రీక్వెన్సీ. పాఠ్యపుస్తకంలో పౌనఃపున్యం అని చదువుకున్నాం. నోరు తిరగదు కాబట్టి ఈ పూటకి ఫ్రీక్వెన్సీ అనే అందాం.

స్టేషను ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి ముల్లు అక్కడికి జరుపుతాం. తెలియకపోతే? ఆ స్టేషను ఎప్పుడు మాట్లాడుతుందో తెలియదు. మాట్లాడినా సెకనులో పది లక్షల వంతు కాలం మాట్లాడి ఊరుకుంటుంది. 2 గిగాహెర్ట్జ్‌ల నుంచి 18 గిగాహెర్ట్జ్‌ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల ఊపులు. మీరు ముల్లు సగం దూరం జరిపేలోపే అది మాట్లాడటం, మానడం కూడా అయిపోతాయి. శత్రు రాడార్ ఉనికిని కనిపెట్టాల్సిన వాళ్ల అవస్థ సరిగ్గా ఇదే. ఆ రాడార్ ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తోందో తెలిస్తే అది ఏ రకమో, దేని మీద కన్నేసిందో చాలావరకు ఊహించవచ్చు. తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1943 నాటి అట్లాంటిక్ సముద్రం చాలు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు రాత్రిళ్లు నీటిపైకి తేలి బ్యాటరీలు ఛార్జి చేసుకునేవి. బ్రిటిష్ విమానాలు రాడార్‌తో వాటిని వెతికేవి. ఆ రాడార్ తరంగం పొడవు మీటరున్నర పైచిలుకు. జర్మన్లు 1942లో మెటాక్స్ అనే రిసీవర్ బిగించుకున్నారు. విమానం రాడార్ తగలగానే అది కూత పెట్టేది, జలాంతర్గామి మునిగిపోయేది. కొన్ని నెలలు అలా గడిచాయి. 1943 వసంతంలో బ్రిటిష్ విమానాలకు 10 సెంటీమీటర్ల తరంగంతో, అంటే సుమారు 3 గిగాహెర్ట్జ్‌లతో పనిచేసే కొత్త రాడార్ వచ్చింది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 1940లో ర్యాండల్, బూట్ తయారుచేసిన క్యావిటీ మాగ్నెట్రాన్ దాని గుండెకాయ. మెటాక్స్ చెవికి ఆ కొత్త రాడార్ వినపడనే లేదు. జలాంతర్గామి నీటిపైన నిశ్చింతగా ఉంటే విమానం నెత్తిమీదికి వచ్చేది.

ఆ సంవత్సరం మే ఒక్క నెలలోనే 41 జర్మన్ జలాంతర్గాములు మునిగిపోయాయి. ఇదంతా కేవలం రాడార్ ఘనతే అంటే అతిశయోక్తి అవుతుంది. రక్షక నౌకలు పెరిగాయి, రహస్య లిపి ఛేదించబడింది, విమానాలు వెళ్లగల దూరం పెరిగింది. అయితే జర్మన్ల ప్రవర్తన చూడండి. రోటర్‌డామ్ దగ్గర కూలిన బ్రిటిష్ విమానంలో ఆ 10 సెంటీమీటర్ల రాడార్ ఫిబ్రవరిలోనే వాళ్ల చేతికి చిక్కింది. అయినా సముద్రం మీద అనుమానం మెటాక్స్ మీదికి పోయింది. అది తానే ఏదో తరంగం వెలువరిస్తూ ఆచూకీ పట్టిస్తోందనుకుని, ఆగస్టులో దాన్ని వాడొద్దన్నారు. 10 సెంటీమీటర్ల తరంగాన్ని వినగల నాక్సోస్ రిసీవర్ ఆ శరదృతువుకు గానీ జలాంతర్గాములకు అందలేదు. వినపడని ఫ్రీక్వెన్సీ ఉండొచ్చన్న ఊహ సకాలంలో రాకపోవడమే వాళ్లను దెబ్బతీసింది.

సరే, ఫ్రీక్వెన్సీని కొలవడం అంటే ఊపులు లెక్కపెట్టడమే కదా, కౌంటర్ పెట్టి లెక్కపెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టొచ్చు. కౌంటర్లున్నాయి. నిజానికి మన సెకనే అలాంటి లెక్క మీద నిలబడి ఉంది: 1967 నుంచి సెకను అంటే సీజియం పరమాణువు నుంచి వచ్చే ఒకానొక మైక్రోవేవ్ (గిగాహెర్ట్జ్‌ల స్థాయి తరంగం) 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగే కాలం. కానీ అక్కడ తరంగం మన గుప్పిట్లో ఉంటుంది, ఎక్కడుంటుందో ముందే తెలుసు, తీరిగ్గా లెక్కపెడతాం. ఎక్కడినుంచి వస్తుందో తెలియని, క్షణంలో మాయమయ్యే సంకేతానికి ఆ తీరిక లేదు. 18 గిగాహెర్ట్జ్‌ల వరకు అన్నిటినీ ఏకకాలంలో అంకెలుగా మార్చి పట్టాలంటే సెకనుకు 3,600 కోట్ల సార్లకు పైగా నమూనా తీయాలి. అలాంటి పరికరాలు లేకపోలేదు. ఖరీదు, వేడి, కరెంటు ఖర్చు మాత్రం ఎక్కువ.

లెక్కపెట్టలేనప్పుడు ఏం చెయ్యాలో మనకు మొదట చూపించినవాడు భౌతిక శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్. 1888లో జర్మనీలోని కార్ల్స్‌రూయెలో ఆయన గోడకు జింకు రేకు తగిలించి, దాన్నుంచి తిరిగొచ్చే తరంగం, ఎదురొచ్చే తరంగం కలిసి ఎక్కడెక్కడ అణగారిపోతున్నాయో గదిలో నడుస్తూ గుర్తుపెట్టుకున్నాడు. ఆ చోట్ల మధ్య దూరం తెలిస్తే తరంగం పొడవు తెలిసినట్టే, పొడవు తెలిస్తే ఫ్రీక్వెన్సీ తెలిసినట్టే. తర్వాత కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 5, 6 మిల్లీమీటర్ల చిన్న తరంగాలు పుట్టించి, వాటి పొడవును గ్రేటింగ్‌తో కొలిచాడు. అంటే ఇద్దరూ ఊపుల జోలికే పోలేదు. ఊపును దూరంగా మార్చి, ఆ దూరాన్ని కొలిచారు. ఈనాటి గాజుపోగు పద్ధతి కూడా ఆ వంశంలోదే. అయితే ఇది ఊపును వెలుగు హెచ్చుతగ్గులుగా మారుస్తుంది.

గాజుపోగు అంటే ఆప్టికల్ ఫైబరే. ఊళ్లలో ఇంటర్నెట్ కోసం గోతులు తవ్వి వేస్తున్నది. మంచి ఫైబర్‌లో లేజర్ వెలుగు 15 కిలోమీటర్లు పోయాక గానీ సగానికి తగ్గదు. అదే 18 గిగాహెర్ట్జ్‌ల మైక్రోవేవ్‌ను సన్నటి రాగి కేబుల్‌లో పంపితే కొద్ది మీటర్లకే సగం ఆవిరి. పైగా గాజుకు పక్కనున్న మోటార్లూ, పిడుగులూ పట్టవు. పుణె దగ్గర ఖొదాద్‌లో ఉన్న జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్‌లో 45 మీటర్ల వెడల్పున్న పళ్లేలు 30 ఉన్నాయి. అవి పట్టిన రేడియో సంకేతాలు లేజర్ మీద ఎక్కి గాజుపోగుల్లోనే నడిబొడ్డున ఉన్న భవనానికి చేరతాయి.

లేజర్ మీద ఎక్కడం అంటే ఏమిటి? యాంటెన్నాకు అందిన మైక్రోవేవ్‌ను మాడ్యులేటర్ అనే పరికరానికి ఇస్తారు. అందులో లిథియం నయోబేట్ అనే స్ఫటికం ఉంటుంది. వోల్టేజీ మారితే దాని గుండా పోయే వెలుగు నడక మారుతుంది. దాన్ని ఉపయోగించి లేజర్ వెలుగు మైక్రోవేవ్ ఊపుకు తగ్గట్టు హెచ్చుతూ తగ్గుతూ ఉండేలా చేస్తారు. మీడియం వేవ్‌లో నా గొంతు మీ దగ్గరికి రావడం కూడా ఇలాగే. నా గొంతుకు తగ్గట్టు ఆ 738 కిలోహెర్ట్జ్ తరంగం ఎత్తు హెచ్చుతగ్గులవుతుంది. ఇక్కడ తరంగం స్థానంలో వెలుగు ఉంది, గొంతు స్థానంలో మైక్రోవేవ్ ఉంది.

ఫైబర్‌లో వాడే 1550 నానోమీటర్ల వెలుగు సెకనుకు 193 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. 10 గిగాహెర్ట్జ్‌లంటే 1,000 కోట్లే. ఏనుగు మీద పిల్లవాడెక్కినా పెద్దవాడెక్కినా దాని నడకలో తేడా ఉండదు. అలాగే వెలుగుకు 2 గిగాహెర్ట్జ్‌లూ 40 గిగాహెర్ట్జ్‌లూ ఒకేలాంటి చిన్న బరువులు. ఎలక్ట్రానిక్స్‌లో ఒక్కో బ్యాండుకు ఒక్కో సర్క్యూటు పెట్టుకోవాల్సి వస్తే, ఇక్కడ మొత్తం బ్యాండు ఒక్క గాజుపోగులో పడుతుంది.

ఇక అసలు కిటుకు. గాజులో అన్ని రంగులూ ఒకే వేగంతో పోవు. పట్టకం గుండా పోయిన ఎండ ఏడు రంగులుగా విడిపోవడం మనం బడిలో చూశాం. విక్షేపణం అన్నారు. గాజుపోగులోనూ అదే జరుగుతుంది. మామూలు ఫైబర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర, ఒక నానోమీటరు తేడా ఉన్న రెండు వెలుగులు ఒక కిలోమీటరు పోయేసరికి వాటి మధ్య 17 పికోసెకన్ల ఎడం పడుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. ఇంత చిన్నదాని గురించి ఎవరికి బాధ అంటారా? టెలికాం ఇంజనీర్లకు. సెకనుకు 1,000 కోట్ల బిట్లు పంపే లైనులో ఈ చిన్న ఎడమే పోగుపడి 100 కిలోమీటర్లు దాటకముందే ఒక బిట్టు పక్క బిట్టు మీద వాలిపోతుంది. దాన్ని సరిదిద్దడానికి వేరే ఫైబర్లు కనిపెట్టారు, వేరే సాఫ్ట్‌వేర్లు రాశారు. విక్షేపణం వాళ్లకు శనిలాంటిది.

మైక్రోవేవ్ కొలిచేవాళ్లు ఆ శనినే కొలబద్దగా పెట్టుకున్నారు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

మైక్రోవేవ్ ఎక్కిన లేజర్ వెలుగులో నిజానికి మూడు రంగులుంటాయి. మధ్యలో లేజర్ అసలు రంగు. దానికి అటొకటి, ఇటొకటి పక్కరంగులు. రేడియో ఇంజనీర్లు వీటిని సైడ్‌బ్యాండ్‌లంటారు. మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీ ఎంతో, అసలు రంగుకూ పక్కరంగుకూ అంత ఎడం. 10 గిగాహెర్ట్జ్‌లైతే ఆ ఎడం 0.08 నానోమీటర్లు. అసలు రంగూ ఒక పక్కరంగూ కలిస్తే వెలుగులో ఒక తాళం పుడుతుంది. అసలు రంగూ రెండో పక్కరంగూ కలిస్తే మరో తాళం. బయల్దేరేటప్పుడు రెండు తాళాలూ ఒకేసారి పడతాయి. ఫైబర్‌లో ప్రయాణించేకొద్దీ ఒకటి ముందుకు పోతుంది, ఒకటి వెనకబడుతుంది.

చెక్కభజన ఊరేగింపు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందు ఒక వరుస, వెనక ఒక వరుస చెక్కలు కొట్టుకుంటూ పోతుంటారు. వెనక వరుస చప్పుడు రెప్పపాటు ఆలస్యంగా వినిపిస్తోందనుకోండి. గురువు పాట నెమ్మదిగా నడిపిస్తుంటే ఆ ఆలస్యం ఎవరికీ పట్టదు. రెండూ కలిసి ఒకే దెబ్బలా ఖణేలుమంటాయి. జోరు పెంచాడా, అదే ఆలస్యంతో వెనక వరుస దెబ్బ ముందు వరుస రెండు దెబ్బల నడుమకి సరిగ్గా వచ్చి పడుతుంది. తాళం పోయి గలగల మిగులుతుంది. వెలుగులో ఇంకా విడ్డూరం: ఒక తాళం ఎత్తు, రెండో తాళం పల్లం ఒకేచోట పడి రెండూ చదునైపోతాయి. వెలుగు ఉంటుంది, దాని మీది మైక్రోవేవ్ మాత్రం మాయం.

10 కిలోమీటర్ల మామూలు ఫైబర్ చుట్ట తీసుకుందాం. సంకేతం 5 గిగాహెర్ట్జ్‌లైతే రెండు తాళాల మధ్య ఎడం సుమారు 7 పికోసెకన్లు. ఒక ఊపుకు పట్టే కాలం 200 పికోసెకన్లు. లెక్కలోకి రాదు. అదే 19 గిగాహెర్ట్జ్‌లనుకోండి. పక్కరంగులు ఇంకా దూరం జరిగాయి కాబట్టి ఎడం 26 పికోసెకన్లు. ఊపు కాలమేమో 52కు కుదించుకుపోయింది. 26 దానిలో సరిగ్గా సగం. తాళం చచ్చింది. చూశారా, ఫ్రీక్వెన్సీ పెరిగితే రెండు వైపులా కోత. ఎడం పెరుగుతుంది, కాలం తగ్గుతుంది. అందువల్ల ఫైబర్ అవతల నిలబడి మిగిలిన మైక్రోవేవ్ శక్తి ఎంతో చూస్తే చాలు, వచ్చినది ఏ ఫ్రీక్వెన్సీయో చెప్పేయవచ్చు. ఆదర్శ లెక్క ప్రకారం 10 గిగాహెర్ట్జ్‌ల దగ్గర నూటికి 83 పాళ్లు మిగులుతుంది, 15 దగ్గర 33 పాళ్లు, 19 దాటేసరికి సున్నా.

ఇక్కడ గడుసు శ్రోత ఒక ప్రశ్న వేస్తాడు. శక్తి తక్కువగా వచ్చిందంటే ఫ్రీక్వెన్సీ ఎక్కువని ఎందుకనుకోవాలి? రాడార్ దూరంగా ఉండి సంకేతమే నీరసంగా వచ్చిందేమో! సరైన ప్రశ్న. దీనికి విరుగుడు నిష్పత్తి. రెండు వేర్వేరు రంగుల లేజర్ల మీద ఒకే సంకేతాన్ని ఎక్కిస్తారు. రెండిటికీ విక్షేపణం వేరు, కాబట్టి రెండూ వేర్వేరుగా తగ్గుతాయి. సంకేతం బలమైనదైనా నీరసమైనదైనా రెండిటికీ సమానమే. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే బలం కొట్టేసుకుపోతుంది, ఫ్రీక్వెన్సీ ఒక్కటే మిగులుతుంది. 2006లో ఆస్ట్రేలియా రక్షణ శాస్త్ర సంస్థకు చెందిన గుయెన్, హంటర్ ఈ తరహా పద్ధతిని ప్రచురించారు. ఆ తర్వాత ఈ రంగంలో వ్యాసాల వరద.

ఆ వరదలో నాకు ముచ్చటగా తోచింది కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయంలో జియాన్‌పింగ్ యావో బృందం చూపించినది. వాళ్లు మైక్రోవేవ్ శక్తిని కూడా కొలవలేదు. అసలు రంగును అణచివేసి, పక్కరంగులు మాత్రమే మిగిలేలా చేసి, రెండు ద్వారాలున్న వెలుగు జల్లెడ గుండా పంపారు. ఒక ద్వారం మూసుకుంటున్నకొద్దీ రెండోది తెరుచుకునే జల్లెడ అది. ఫ్రీక్వెన్సీ మారితే పక్కరంగులు జరుగుతాయి, వెలుగు ఒక ద్వారం నుంచి రెండోదానికి మళ్లుతుంది. రెండు ద్వారాల దగ్గరా వెలుగు ఎంత పడుతోందో చూస్తే చాలు. అంటే గిగాహెర్ట్జ్‌ల వేగాన్ని తట్టుకునే ఖరీదైన డిటెక్టర్లతో పని లేదు. నెమ్మదైన చవక డిటెక్టర్లు రెండు చాలు. తక్కెడలో ఏ పళ్లెం ఎంత దిగిందో చూసినట్టు!

అన్నీ బాగున్నాయని కాదు. కొలత సూక్ష్మంగా రావాలంటే ఫ్రీక్వెన్సీ కొంచెం మారినా శక్తి చాలా మారాలి. అలా నిటారుగా మారే వంపు తొందరగా సున్నాకు పోయి మళ్లీ పైకి లేస్తుంది. అప్పుడు ఒకే జవాబుకు రెండు మూడు ఫ్రీక్వెన్సీలు సరిపోతాయి. గడియారంలో సెకన్ల ముల్లు చూసి గంటెంతో చెప్పలేం కదా. అందుకని పొట్టి ఫైబర్ ఒకటి, పొడుగు ఫైబర్ ఒకటి పెట్టి, గంటల ముల్లూ నిమిషాల ముల్లూ కలిపి చదివినట్టు చదవాలి. రెండు రాడార్లు ఒకేసారి కూస్తే ఈ పద్ధతి తికమకపడి రెండిటికీ కాని జవాబు చెబుతుంది. ఇది చిన్న లోపం కాదు, యుద్ధరంగంలో ఒక్క రాడారే కూస్తుందని ఎవరు హామీ ఇస్తారు?

ఎండ సంగతి వేరు. ఫైబర్ వేడెక్కితే అందులో వెలుగు ప్రయాణకాలం మారుతుంది. కిలోమీటరుకు ఒక్కో డిగ్రీకి 40 పికోసెకన్ల దాకా. రెండు వేర్వేరు దారుల్లో పోయిన వెలుగును పోల్చే పద్ధతులకు ఇది పెద్ద తలనొప్పి. రెంటచింతల మే నెల ఎండలో అలాంటి పెట్టెను ఊహించుకోండి. మూడు రంగులూ ఒకే పోగులో కలిసి పోయే విక్షేపణ పద్ధతిలో ఆ ఆలస్యం అందరికీ ఉమ్మడి కాబట్టి అంత ఇబ్బంది లేదు. ఇక మాడ్యులేటర్‌లో, డిటెక్టర్‌లో సంకేతం చాలా నష్టపోతుంది. నీరసమైన రాడార్‌ను పట్టడంలో మంచి ఎలక్ట్రానిక్ రిసీవర్‌దే ఇప్పటికీ పైచేయి అని నా అభిప్రాయం.

ఒకేసారి కూసే రెండు రాడార్లను విడదీయడానికి మరో దారి ఉంది. బలమైన లేజర్ గాజుపోగులో పోతుంటే గాజే శబ్దతరంగంలా కంపించి, కొంత వెలుగును వెనక్కి కొడుతుంది. అలా తిరిగొచ్చే వెలుగు ఫ్రీక్వెన్సీ సుమారు 11 గిగాహెర్ట్జ్‌లు తగ్గి ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లియాన్ బ్రిలువాన్ 1922లో ఇలాంటి పరిక్షేపణాన్ని గురించి రాశాడు కాబట్టి ఆయన పేరే దీనికి. ఈ ప్రభావం చాలా ఇరుకైన బ్యాండులో, కొద్ది పదుల మెగాహెర్ట్జ్‌లలో మాత్రమే పనిచేస్తుంది. అందువల్ల దాన్ని సన్నటి కిటికీలా జరుపుకుంటూ పోతే పక్కపక్కనే ఉన్న సంకేతాలను కూడా వేరుచేసి చూడొచ్చు. కాకపోతే మళ్లీ ముల్లు తిప్పడానికే వచ్చామన్నమాట!

ఇప్పుడు పరిశోధన అంతా కిలోమీటర్ల చుట్టలను గోరంత సిలికాన్ ముక్కలోకి కుదించడం మీద నడుస్తోంది. చుట్ట పోతే బరువు, ఎండ గొడవ సగం తీరినట్టే. మన హైదరాబాద్‌కు ఈ కథతో సంబంధం ఉంది. శత్రు రాడార్లను పసిగట్టే ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థల రూపకల్పనే పనిగా ఉన్న, రక్షణ పరిశోధన సంస్థ డీ.ఆర్.డీ.ఓ. ప్రయోగశాల డీ.ఎల్.ఆర్.ఎల్. అక్కడే ఉంది. మైక్రోవేవ్ చదువుకున్న తెలుగు పిల్లలకు అమెరికా ఒక్కటే గమ్యం కాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇంటర్, బీ.ఎస్సీ. విద్యార్థులు ఎవరైనా వింటుంటే ఒక లెక్క ఇస్తాను, కాగితం తీసుకోండి. 10 కిలోమీటర్ల ఫైబర్‌లో 19 గిగాహెర్ట్జ్‌ల దగ్గర సంకేతం మాయమైంది. చుట్ట పొడవు 40 కిలోమీటర్లు చేస్తే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర మాయమవుతుంది? నాలుగో వంతు అని రాయకండి. ఫ్రీక్వెన్సీ తగ్గితే ఎడమూ తగ్గుతుంది, ఊపు కాలమూ పెరుగుతుందని మరిచిపోకుండా వేయండి. తొమ్మిదిన్నర వస్తే మీ లెక్క సరైనదే.